క్రైస్తవం, రాజకీయాలు కలిపి చదవాలంటే: విశాఖ విద్యార్థికి ఏ దారి మేలు?

'క్రైస్తవం–రాజకీయాలు' అని పేరు పెట్టిన డిగ్రీ కోసం వెతికితే మన దగ్గర దొరకదు. అమెరికాలోనూ ఐరోపాలోనూ ఈ విషయానికే అంకితమైన కేంద్రాలున్నాయి. వాటి వెబ్‌సైట్లు చూసి, ఇక్కడ అలాంటిదేమీ లేదని నిట్టూర్చే విద్యార్థులు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. నిట్టూర్చాల్సిన పని లేదు. చదువు ఉంది, కాకపోతే నాలుగు చోట్ల చెదిరి ఉంది. రాజనీతిశాస్త్రంలో కొంత, చరిత్రలో కొంత, న్యాయశాస్త్రంలో కొంత, క్రైస్తవ వేదాంత (థియాలజీ) కళాశాలల్లో కొంత. ఎక్కడ చేరితే ఏది చేతికొస్తుందో, ఏది రాదో చూసుకుని అడుగు వేయాలి.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. సంఘ (చర్చి) సేవే జీవితమని నిశ్చయించుకున్నవారిని పక్కన పెడితే, మిగిలినవారు ముందు రాజనీతిశాస్త్రంలోనో చరిత్రలోనో న్యాయశాస్త్రంలోనో పట్టా తీసుకుని, పరిశోధన దగ్గరికి వచ్చాక క్రైస్తవాన్ని అంశంగా పట్టుకోవడం మంచిది. వేదాంతం చదవొద్దని నా ఉద్దేశం కాదు. అది తెలియకుండా ఈ విషయం సగమే అర్థమవుతుంది. అయితే పట్టా మీద ఏ పేరు ఉంటే ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చో మన దేశంలో నిబంధనలు గీత గీసి ఉంచాయి. ఆ గీత ఎంత గట్టిదో చదువు పూర్తయ్యాక తెలిస్తే ప్రయోజనం ఉండదు.

ఒకే ప్రశ్న, నాలుగు తరగతి గదులు

ఈ నాలుగు శాస్త్రాలకూ తేడా ఏమిటో నిర్వచనాలతో చెబితే బుర్రకెక్కదు. మన రాష్ట్రంలో ఎప్పుడూ రగులుతూ ఉండే ఒక ప్రశ్న తీసుకుందాం. ఎస్సీ కులానికి చెందిన వ్యక్తి బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ హోదా పోవాలా, ఉండాలా?

న్యాయశాస్త్రం తరగతి గదిలో ఈ చర్చ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరాతో మొదలవుతుంది. హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులాల కిందికి రారని ఆ పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది, క్రైస్తవులకు రాలేదు. ఆ తర్వాత 1985 నాటి సూసై కేసు చదివిస్తారు. సూసై తమిళనాడులో చెప్పులు కుట్టే మనిషి. రోడ్డు పక్కన చెప్పులు కుట్టుకునే ఎస్సీలకు ప్రభుత్వం ఉచితంగా చిన్న బంకులు ఇచ్చింది. అదే పని చేస్తున్నా, అదే కులంలో పుట్టినా, క్రైస్తవుడైనందుకు సూసైకి బంకు దక్కలేదు. మతం మారాక కూడా కులం కొనసాగుతోందని చూపిస్తే చాలదని, కొత్త మతంలోనూ ఆ అణచివేత అంతే తీవ్రంగా ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ రుజువులు తమ ముందు లేవంటూ పిటిషన్ కొట్టేసింది. అక్కడి నుంచి, రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకుంటే కుదరదన్న 2024 నవంబరు నాటి సుప్రీంకోర్టు సెల్వరాణి తీర్పు, మతం మారినవారికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ వర్తించదన్న మన హైకోర్టు 2025 తీర్పు వరకూ వరుసగా నడిపిస్తారు. ఈ గదిలో నేర్చుకునేది ఒకటే నైపుణ్యం: కోర్టు ఏ రుజువు అడిగింది, ఎందుకు అడిగింది?

రాజనీతిశాస్త్రం గదిలో మూడో పేరా కన్నా 2023 మార్చిలో మన శాసనసభ చేసిన తీర్మానం ముఖ్యం. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని కేంద్రాన్ని కోరిన ఆ తీర్మానం ఎవరికి లాభం, ఎవరికి భయం? ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్లినవారికి రాష్ట్రంలో బీసీ–సి కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. ఆ ఒక్క శాతం వద్దనుకుని, కాగితం మీద హిందువుగానే మిగిలిపోయి ఆదివారం ప్రార్థనకు వెళ్లేవారి గురించి ఎవరికి తెలియదు? జనాభా లెక్కల్లో క్రైస్తవుల సంఖ్య చూసి ఎన్నికల విశ్లేషణ చేసేవారి పప్పులు ఉడకనిది అక్కడే. అనకాపల్లి వైపు ఏదో ఒక పేటకు వెళ్లి, ధ్రువపత్రంలో ఒకటి, జీవితంలో ఒకటి ఎందుకు నడుస్తోందో ఇంటింటా కూర్చుని వినడం ఈ శాస్త్రం నేర్పే పని. అడిగే ప్రశ్న ఒక్కటి తేడా వస్తే ఎదుటి మనిషి నోరు మూసుకుంటాడు. ఆ నేర్పు పుస్తకాలతో రాదు, మంచి గైడ్ దగ్గర వస్తుంది.

చరిత్ర విద్యార్థి ఇంకా వెనక్కి వెళ్తాడు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని భారతీయ తొలి ఆంగ్లికన్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఎందుకు వాదించారు? 1912లో బిషప్ అయిన ఆయన పనిచేసింది మన తెలుగు నేల మీదే, దోర్నకల్లులో. రాజ్యాంగ సభలో క్రైస్తవ ప్రతినిధులు ప్రత్యేక సీట్ల పట్టు విడవడానికి కారణాలేమిటి? ఇంకొంచెం వెనక్కి వెళ్తే కథ మన ఊళ్లోనే తేలుతుంది. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లో విశాఖపట్నంలో దిగారు. వారు పంపిన ఉత్తరాలు ఆ సొసైటీ దస్తావేజులతో పాటు లండన్‌లో ఆసియా, ఆఫ్రికా అధ్యయనాలకు పేరున్న సోయాస్ విద్యాసంస్థ గ్రంథాలయంలో ఉన్నాయి. కంపెనీ పాలన మిషనరీలను ఎప్పుడు దగ్గరకు తీసింది, ఎప్పుడు దూరం పెట్టింది అన్నది ఆ ఉత్తరాల్లోనే చదువుకోవాలి. మిషనరీలూ కంపెనీవారూ ఒకటేనని ఒక వర్గం, వారు కేవలం సేవకులని మరో వర్గం సభల్లో ఊదరగొడుతుంటాయి. ఉత్తరాలు చదివినవాడు రెండు పక్కలా చప్పట్లు కొట్టలేడు.

నాలుగోది వేదాంత కళాశాల గది. 1981లో బెంగళూరులో అరవింద్ నిర్మల్ చేసిన ప్రసంగాన్ని దళిత వేదాంతానికి నాందిగా చెబుతారు. బానిసత్వం నుంచి బయటపడ్డ జనం తమ పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకునే ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయాన్ని ఆయన దళితుల కథగా చదివారు. ఇక్కడ ప్రశ్న రిజర్వేషన్ గురించి కాదు, కులం పాటించే సంఘం క్రీస్తు సంఘమేనా అన్నది. 1934లో హిట్లర్‌కు తలవంచని జర్మన్ క్రైస్తవులు చేసిన బార్మెన్ ప్రకటన, 1985లో వర్ణవివక్షకు వ్యతిరేకంగా దక్షిణాఫ్రికా పాస్టర్లు వెలువరించిన కైరోస్ పత్రం, పేదల పక్షాన నిలిచే లాటిన్ అమెరికా విమోచన వేదాంతం ఈ గదిలో రోజువారీ మాటలు. రాజనీతిశాస్త్రం పీజీ చేసిన చాలామందికి వీటి పేర్లయినా తెలియవు. అదొక పెద్ద లోటే. వేదాంత విద్యార్థిలో ఉండే లోటు ఇంకోటి: ఓటు లెక్కలు, చట్టసభలు, బడ్జెట్లు ఎలా నడుస్తాయో తెలియకుండానే 'రాజ్యం' అనే మాటతో వ్యాసాలు రాసేస్తాడు.

మిమ్మల్ని రాత్రి నిద్రపోనివ్వని ప్రశ్న ఈ నాలుగు గదుల్లో ఏ గదిదో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఊరు దాటకుండా

1926లో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, చరిత్ర, సమాజశాస్త్రం, మానవశాస్త్రం, తత్వశాస్త్రం, న్యాయ కళాశాల అన్నీ ఒకే ఆవరణలో ఉన్నాయి. పీజీ ప్రవేశం ఏపీ పీజీసెట్ ద్వారా, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ ద్వారా. ఖర్చు తక్కువ, ఇంటి భోజనం. సిలబస్‌లో లౌకికవాదం, కులం, మైనారిటీ హక్కులు వస్తాయి గానీ క్రైస్తవం కోసం ప్రత్యేకంగా ఒక పేపర్ ఉంటుందని ఆశించకండి. ఇక్కడ చదివినవారికి అసలు లాభం పరిశోధన దశలో కనిపిస్తుంది. సముద్రం ఒడ్డునున్న జాలరిపేటల దగ్గర నుంచి ఏజెన్సీ గూడేల దాకా, పాత కెనడియన్ బాప్టిస్టు సంఘాల దగ్గర నుంచి నిన్న మొన్న రేకుల షెడ్డులో మొదలైన స్వతంత్ర సంఘాల దాకా అన్నీ బస్సు దూరంలోనే ఉంటాయి. ఒడిశాలోని కంధమాల్‌లో 2008లో జరిగిన హింస మీద పని చేయాలనుకునేవారికి కూడా ఢిల్లీ కన్నా విశాఖే దగ్గర.

న్యాయశాస్త్రం వైపు మొగ్గు ఉంటే సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. ప్రవేశం క్లాట్ ద్వారా. ఫీజు ఆంధ్ర విశ్వవిద్యాలయంతో పోల్చరానిది, ఇంట్లో ముందే మాట్లాడుకోండి. నా దృష్టిలో ఈ విషయానికి రానున్న పదేళ్లలో ఎక్కువ పని న్యాయశాస్త్రంలోనే ఉంది. మత మార్పిడి నిరోధక చట్టాలు, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణలు, ముప్ఫయ్యో అధికరణ కింద మైనారిటీ కళాశాలల హక్కులు, తిరుమల వంటి చోట్ల అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో మన రాష్ట్రం తెచ్చిన ఆర్డినెన్స్, వీటికి తోడు సంఘాల ఆస్తి తగాదాలు. ఆ చివరిదాని మీద పరిశోధన చేసేవాడికి అంశం కరువు రాదు, మిత్రులు మాత్రం కరువవుతారు.

హైదరాబాదు వెళ్లగలిగితే కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం, చరిత్ర మంచి ఎంపికలు. పీజీ ప్రవేశానికి సీయూఈటీ రాయాలి. దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో కలిసి చదవడం వల్ల కేరళ క్రైస్తవ రాజకీయాలు, మిజోరం, నాగాలాండ్ సంఘాల పట్టు పక్క గది మిత్రుడి నోటనే వినవచ్చు. ఈశాన్య రాష్ట్రాల్లో సంఘం ఓటుతో ఏం చేయగలదో తెలిస్తే తప్ప, మన దగ్గర ఎందుకు చేయలేకపోతోందన్న ప్రశ్న తట్టదు.

సెరంపూర్ దారి

వేదాంత విద్యలో మన దేశంలో పెద్ద పీట సెరంపూర్ సెనేట్‌ది. బెంగాల్‌లోని సెరంపూర్ కళాశాల తరఫున దేశంలోని అనేక వేదాంత కళాశాలల విద్యార్థులకు పట్టాలిచ్చేది ఇదే. విలియం కేరీ, ఆయన సహచరులు 1818లో స్థాపించిన కళాశాలకు 1827లో డెన్మార్కు రాజు పట్టాలిచ్చే అధికారమిచ్చాడు. ఆ అధికారానికి 1918లో బెంగాల్ శాసనసభ చట్టబద్ధత కల్పించింది. హైదరాబాదులోని ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ, బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీ, చెన్నైలోని గురుకుల్ లూథరన్ కళాశాల దీని కిందివే. మొదటిది 1964లో రాజమండ్రిలో పుట్టి తర్వాత హైదరాబాదుకు మారింది.

బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) సాధారణంగా నాలుగేళ్ల చదువు. గ్రీకో హీబ్రూనో నేర్చుకోవాలి, ఆదివారాలు సంఘాల్లో పని చేయాలి, చేరడానికి మీ సంఘం సిఫారసు ఉత్తరం కావాలి. రాజకీయాల సంగతి నీతిశాస్త్రం, సంఘ చరిత్ర, మతాల అధ్యయనం, దళిత వేదాంతం పేపర్లలో వస్తుంది. దాని మీదే పట్టుగా చదవాలంటే ఎంటీహెచ్ (మాస్టర్ ఆఫ్ థియాలజీ) దాకా ఆగాలి. నన్నడిగితే ఎంటీహెచ్‌కు బెంగళూరు మేలు. 1910లో మొదలైన యునైటెడ్ కాలేజీలో మిషనరీ సంఘాల దస్తావేజుల భాండాగారం ఉంది. 1957లో పి.డి. దేవానందన్ ఆధ్వర్యంలో మతం, సమాజం మీద అధ్యయనానికి సంస్థ ఏర్పడిందీ ఆ ఊళ్లోనే. దేవానందన్ తర్వాత దాన్ని నడిపించిన ఎం.ఎం. థామస్ ఎమర్జెన్సీని బాహాటంగా వ్యతిరేకించారు, 1990లో నాగాలాండ్ గవర్నర్ అయ్యారు. వేదాంతి రాజకీయాలను ఎలా చదవాలో చూడాలంటే ఆయన జీవితం ఒక్కటి చాలు. దళిత వేదాంతమే మీ ప్రాణమైతే గురుకుల్ వైపు చూడండి. నిర్మల్ దళిత వేదాంత శాఖను నడిపింది అక్కడే.

ఇక చేదు మాట. బీడీ పట్టాతో విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం పీహెచ్‌డీకి వెళ్తామంటే అన్నిచోట్లా ఒప్పుకోరు. ఏ విశ్వవిద్యాలయానికి వెళ్లదలచుకున్నారో అక్కడి రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి తుల్యతపై (ఆ పట్టాను సమానంగా గుర్తిస్తారా అన్నదానిపై) రాతపూర్వకంగా జవాబు తెచ్చుకున్నాకే అడుగు వేయండి. ఎవరో సీనియర్ 'నాకు ఇచ్చారు' అన్న మాట కాగితం కాదు.

ఈ రెండింటికీ మధ్య దారి ఒకటుంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. మద్రాసు విశ్వవిద్యాలయంలో క్రైస్తవ అధ్యయన శాఖ ఉంది, మైసూరు విశ్వవిద్యాలయంలోనూ క్రైస్తవానికి ప్రత్యేక శాఖ ఉంది. అవి సెమినరీలు కావు, ప్రభుత్వ విశ్వవిద్యాలయ శాఖలు. సంఘం ఉత్తరం అక్కర్లేదు, క్రైస్తవేతరులు కూడా చదవవచ్చు. యూజీసీ నెట్‌లో 'మతాల తులనాత్మక అధ్యయనం' అనే సబ్జెక్టు ఉంది, ఈ శాఖల్లో చదివినవారికి అది సరిపోతుంది. అయితే ఆ సబ్జెక్టుతో అధ్యాపక ఉద్యోగాలు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. రాజనీతిశాస్త్రం నెట్‌తో పోటీ ఎక్కువ, ఖాళీలూ ఎక్కువ.

'డాక్టర్' ఫ్లెక్సీల గురించి

మన ఊళ్లో కూడలి కూడలికీ ఒక ఫ్లెక్సీ, ఫ్లెక్సీకి ఒక 'డాక్టర్'. ఆరు నెలల్లో ఉత్తరాల ద్వారా డాక్టరేట్ ఇచ్చే బైబిల్ కళాశాలలను నమ్మి డబ్బు పోసినవారిని చూస్తే జాలేస్తుంది. యూజీసీ ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాలో విశాఖ చిరునామాతోనే 'బైబిల్ ఓపెన్ యూనివర్సిటీ ఆఫ్ ఇండియా' అనే పేరు ఉంది. గుంటూరు చిరునామాతో మరొకటి ఉంది. చేరేముందు ఆ జాబితా ఒకసారి చూడటానికి అయిదు నిమిషాలు పడుతుంది. ఏషియా థియలాజికల్ అసోసియేషన్ వంటి సంస్థల గుర్తింపు సంఘాల మధ్య చెల్లుతుంది, ప్రభుత్వ ఉద్యోగానికి చెల్లదు. రెండూ ఒకటేనని చెప్పేవారి దగ్గర మాత్రం ఫీజు కట్టకండి.

సముద్రం దాటాలంటే

విదేశాల్లో పేరు చూసి కాకుండా, ఆ పేరు వెనక ఏ పట్టా ఇస్తారో చూసి ఎంచుకోవాలి. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో 2010లో మొదలైన డాన్‌ఫోర్త్ కేంద్రం పేరే మతం, రాజకీయాలు. ఎపిస్కోపల్ గురువుగానూ అమెరికా సెనేటర్‌గానూ పనిచేసిన జాన్ డాన్‌ఫోర్త్ పేరు దానికి పెట్టారు. కానీ అక్కడ విద్యార్థికి దొరికేది డిగ్రీలో భాగంగా తీసుకునే అనుబంధ కోర్సు. పీజీ కోసం ఇక్కడి నుంచి దరఖాస్తు పెట్టే చోటు కాదది. ప్రిన్స్‌టన్ మత అధ్యయన శాఖలో 'మతం, నీతి, రాజకీయాలు' పీహెచ్‌డీలో ఒక విభాగం. సీట్లు అతి తక్కువ, వచ్చినవారికి ఖర్చంతా వాళ్లే చూసుకుంటారు. న్యాయ పట్టభద్రులకు ఎమరీ విశ్వవిద్యాలయంలో 1982 నుంచి నడుస్తున్న చట్టం, మతం అధ్యయన కేంద్రం సరైన చోటు.

ఐరోపాలో ఎడిన్‌బరో నాకు ఎక్కువ ఇష్టం. అక్కడ 1984లో వేదాంతం, ప్రజా సమస్యల కేంద్రాన్ని స్థాపించిన డంకన్ ఫారెస్టర్ అంతకు ముందు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్పినవారే. కులం, క్రైస్తవం గురించి ఆయన చేసిన పరిశోధన మద్రాసులో మొలకెత్తిందే. భారతదేశం మీద ప్రశ్నతో వెళ్లేవారికి అక్కడి వాతావరణం పరాయిగా ఉండదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో మతం, సంఘర్షణ, ప్రపంచీకరణ మీద ఏడాది పీజీ ఉంది. స్వచ్ఛంద సంస్థల్లో పని చేయదలచినవారికి పనికొస్తుంది. జర్మనీలోని మున్‌స్టర్‌లో 2007లో మతం, రాజకీయాల మీద పెద్ద పరిశోధన బృందం మొదలైంది, అది పీహెచ్‌డీ దశవారికి. అయితే ఒకటి గుర్తుంచుకోండి. అమెరికా వెళ్తే ఇవాంజెలికల్ ఓట్లు, ఐరోపా వెళ్తే క్రిస్టియన్ డెమోక్రటిక్ పార్టీలు చర్చకు కేంద్రం అవుతాయి, మన దేశం ఒక వారం పాఠంలో వచ్చి పోతుంది. మీ ప్రశ్న ఉత్తరాంధ్రది అయితే, ఇక్కడ పీహెచ్‌డీలో చేరి, సోయాస్‌లో ఉత్తరాలు చదవడానికి కొన్ని వారాలు వెళ్లివస్తే చాలు. అక్కడ డిగ్రీయే చేయాలని లేదు.

డబ్బు సంగతి. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. క్రైస్తవ పరిశోధక విద్యార్థులకు ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను నిలిపివేస్తున్నట్టు కేంద్రం 2022 డిసెంబరులో చెప్పింది. పాత వెబ్ పేజీలు చూసి లెక్క వేసుకోవద్దు. జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో ఎస్సీ విద్యార్థుల కోసం ఉన్న సీట్లు బీసీ–సి వారికి అందవు. అర్హులైనవారికి కూడా, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలను ఆ పథకం 2022 మార్గదర్శకాల్లో మినహాయించారు. అంటే దళిత క్రైస్తవుల మీద విదేశంలో పీహెచ్‌డీ చేయడానికి ఆ డబ్బు రాదు. బ్రిటన్‌కు చీవెనింగ్ స్కాలర్‌షిప్ ఉంది, దానికి సుమారు రెండేళ్ల ఉద్యోగ అనుభవం చూపాలి. అమెరికాకు ఫుల్‌బ్రైట్–నెహ్రూ పీజీ ఫెలోషిప్‌కు మూడేళ్లు అడుగుతారు. కాబట్టి డిగ్రీ అయిన వెంటనే విమానం ఎక్కాలన్న తొందర ఉన్నవారికి ఇవి రెండూ కుదరవు.

ఎవరికి ఏది

కళాశాలలో పాఠం చెప్పాలనుకుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గానీ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గానీ రాజనీతిశాస్త్రం లేదా చరిత్ర. రెండు చోట్లా సీటు వస్తే హైదరాబాదు. మైనారిటీ హక్కుల మీద కోర్టుల్లో పని చేయాలనుకుంటే న్యాయశాస్త్రం, ఇందులో రెండో ఆలోచన వద్దు. పాత్రికేయులకు డిగ్రీ ఏదైనా ఒకటే, కాకపోతే సెరంపూర్ సెనేట్ బయటి విద్యార్థులకు నడిపే క్రైస్తవ అధ్యయన డిప్లొమా ఉద్యోగం చేస్తూ పూర్తి చేయవచ్చు. సంఘాల మధ్య తేడాలు తెలియకుండా 'క్రైస్తవ ఓటు' అని శీర్షిక పెట్టే అలవాటు దానితో పోతుంది. సంఘ కాపరి కాదలచుకున్నవారికి బీడీ, ఆ తర్వాత ఇగ్నోలో రాజనీతిశాస్త్రం ఎంఏ. దూరవిద్యే అయినా ఆ చదువు ఉన్న పాస్టరు ఎన్నికల ముందు రోజు గుమ్మం ఎక్కే నాయకుడితో వేరే రకంగా మాట్లాడతాడు.

క్రైస్తవులు కానివారు ఈ విషయం చదవవచ్చా అని అడుగుతుంటారు. నిక్షేపంగా చదవవచ్చు. సంఘంలో పుట్టినవారికి గుమ్మం సులువుగా తెరుచుకుంటుంది, కానీ అయినవాళ్ల మీద నిష్ఠూరంగా రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి వణుకుతుంది. బయటివారికి గుమ్మమే కష్టం. ఎవరి ఇబ్బంది వారిది.

పరీక్షల క్రమం కూడా ఎంపికలో భాగమే. ముందు వచ్చేది క్లాట్, డిసెంబరులో. చీవెనింగ్ దరఖాస్తు గడువు అంతకు ముందే ముగుస్తుంది. పీజీ కోసం సీయూఈటీ మార్చి ప్రాంతంలో, ఏపీ పీజీసెట్ వేసవిలో. మార్చికి హైదరాబాదు పరీక్ష రాసి, వేసవికి ఆంధ్ర విశ్వవిద్యాలయం పరీక్ష రాస్తే రెండు సీట్లూ చేతిలో పెట్టుకుని నిర్ణయించుకోవచ్చు. బీసీ–సి ధ్రువపత్రం కావలసినవారు మాత్రం నోటిఫికేషన్ కోసం ఎదురుచూడకుండా సచివాలయంలో దరఖాస్తు ఇప్పుడే పెట్టేయండి.